దిండులో దాచిన మాత్రలు

ఒరేయ్ తమ్ముడూ,

నేను డ్యూటీకి వెళ్తున్నాను. వంట గట్టు మీద మూతపెట్టి ఉంది. తిని, పక్కనే పెట్టిన నొప్పి మాత్ర మింగు. కుట్టు మిషను జోలికి వెళ్ళావంటే దాన్ని అమ్మిపారేస్తాను.

ఇక నీ తెలివి నా దగ్గర చూపించకు. దగ్గొచ్చినప్పుడు, కోసిన ఛాతీకి అదుముకోమని ఆసుపత్రిలో ఇచ్చిన దిండు ఉందే, దాని గలీబు ఉతుకుదామని తీశాను. లోపలి దిండుకి ఒక అంచున కుట్టు మరీ సన్నగా, తీరుగా ఉంది. ఆసుపత్రి దిండుకి అంత ముచ్చటగా ఏ టైలరు కుడతాడురా, నువ్వు తప్ప? విప్పి చూస్తే, ఇంటికొచ్చిన దగ్గర్నుంచి మింగానని నువ్వు చెప్పిన మాత్రలన్నీ దూదిలో ఉన్నాయి.

"మాత్ర వేసుకుంటే అసలు గుండెనొప్పి వచ్చినా తెలీదక్కా" అని ఆసుపత్రిలోనే గొణిగావు. ఆ నొప్పి వేరు, ఈ కోత నొప్పి వేరు అని డాక్టరమ్మ చిలక్కి చెప్పినట్టు చెప్పింది. నొప్పికి జడిసి దగ్గకుండా కూర్చుంటే ఊపిరితిత్తుల్లో కఫం చేరుతుందనీ చెప్పింది. గంగిరెద్దులా తలూపావు. నిన్న నర్సు ఫోన్ చేస్తే "నొప్పా? అబ్బే, హాయిగా ఉన్నానమ్మా" అన్నావు. అప్పుడు నీ నుదుటి చెమట తుడుస్తున్నది నేనే. ఎంత వెర్రిదాన్ని చేశావురా నన్ను!

దారిలో ఆ నర్సుకి ఫోన్ చేసి అంతా చెప్పేస్తాను. నీ పరువు పోతే పోనీ.

అక్క

దిండు మళ్ళీ కుట్టాను. వంకరటింకరగా వచ్చింది, చూస్తే నీకు నవ్వాగదు. నవ్వితే ఎంత నొప్పో నాకు తెలుసు. ముందు దాన్ని గుండెకి అదుముకుని, అప్పుడు నవ్వు.