మూడుసార్లు చచ్చిన సేనాపతి

బాపట్ల,
18 ఆగస్టు 2025.

దర్శకులు, కథానాయకులు విజయసారథి గారికి,

కరుణశ్రీ నమస్కరించి రాయునది. మీ క్షేమం అడగను. ఒక్క సాయంత్రంలో మూడుసార్లు చచ్చినా మీసం చెదరని మనిషికి ఏమవుతుంది?

నేను మీకు రాసిచ్చిన నాటకం ఢిల్లీ గురించి. 1857లో ఇంగ్లీషు ఫిరంగులు కోటగోడకు గండి కొడితే, ఊరి ఆడవాళ్లు తట్టలతో మట్టి మోసి పూడుస్తారు. మీరు వేసిన సేనాపతి రెండో రంగంలోనే గుండు తగిలి, మాట లేకుండా పోతాడు. మాట లేకుండా చావడం మీకు నామోషీ. అందుకని తెనాలి నాటక పోటీల వేదిక మీద, ఒంట్లో గుండు పెట్టుకుని, సొంతంగా కట్టుకొచ్చిన పద్యం అందుకున్నారు. "వన్స్ మోర్" అన్నారు జనం. లేచారు, పాడారు, చచ్చారు. మళ్లీ అన్నారు. మళ్లీ లేచారు.

పక్కతెర వెనక తట్ట నెత్తిన పెట్టుకుని నిలబడ్డ షబానా, "ఈయన చావడేంటక్కా? మెడ పట్టేస్తోంది" అని నన్ను గిల్లింది. ఇంతలో పోటీ సమయం అయిపోయి గంట కొట్టారు. తెర పడింది. ఒక్క తట్ట కూడా వేదిక ఎక్కలేదు. ఢిల్లీని పడగొట్టడానికి ఇంగ్లీషువాళ్లకు నెలలు పట్టింది. మీకు ఒక్క పద్యం చాలింది.

అడిగితే, మొహానికి కొబ్బరినూనె రాసి రంగు తుడుచుకుంటూ, "జనం అడిగితే కాదంటామా అమ్మా? మట్టి మోయడం ఎవరు చూస్తార్లే" అన్నారు.

మా అమ్మ చూస్తుందండి. మా ఇంట్లో బడికెళ్లింది నేనొక్కదాన్నే. అమ్మకు అక్షరం రాదు. నేను రాసింది ఆమెకు చేరాలంటే ఎవరో పైకి పలకాలి. అందుకే రేపల్లెలో రొయ్యల షెడ్డుకు సెలవు పెట్టి రైలెక్కి వచ్చింది. ఆ ఆడవాళ్ల మాటలన్నీ ఆమె షెడ్డులో నేను విన్నవే రాశాను. ఒక్కటీ ఆమె చెవిన పడలేదు.

నా రాతప్రతి వెనక్కి పంపండి. పద్యం మీరే ఉంచుకోండి.

ఇట్లు,
మీ చావు కోసం తెర వెనక కాచుకున్న
కరుణశ్రీ

తా.క.: మొదటి "వన్స్ మోర్" మా అమ్మదేనట. కుర్చీలోంచి లేచి మరీ అరిచిందట. రేపల్లె బండిలో నా చెయ్యి పట్టుకుని, "ఆ పజ్యం నువ్వే కట్టావటే?" అని అడిగింది. దిగేదాకా చెయ్యి వదల్లేదు. అవునన్నాను. ఎప్పుడైనా ఆమె ఎదురుపడితే, మీరు కాదనకండి సార్.