మన సంఘంలో లేని మూడో చరణం

పరలోకవాసియైన తాతగారికి, పినపాక సంఘపు తాత్కాలిక పాటల పెద్దనైన మీ మనవడు సవినయంగా వ్రాయునది.

నిన్న వాగు పొంగి పాస్టరుగారు రాలేదు. ఆయన రానప్పుడల్లా నువ్వు నిలబడే చోట నిలబడి, పట్నం చదువు ముగించుకుని మొన్ననే ఊరికొచ్చిన నేనే ఆరాధన నడిపించాను. నువ్వు ఎప్పుడూ పాడించే పాటలో మూడో చరణం ఎత్తుకోగానే మందిరమంతా నోరు మూసుకుంది. నాదొక్కటే గావుకేక.

"గా చరణం మన సంఘంల లేదు బిడ్డా," అంది మరియమ్మత్త.

"పుస్తకంల ఉంది గదత్తా!"

"ఉంటేంది? మీ తాత పాడలే."

ఇదేం సిద్ధాంతమో తెలియక ఇంటికొచ్చి నానమ్మను అడిగాను.

"బొగ్గుబాయిల పనిచేసిండు గదా, ఆడికొచ్చేసరికి దగ్గు అందుకునేది. అందరు జల్దీ నాలుగోదానికి దుంకేటోళ్లు," అని నవ్వింది.

నువ్వు పోయి ఏడాదైంది తాతా. ఇంకా దుంకుతూనే ఉన్నారు.

వచ్చే ఆదివారమూ నేనే నిలబడాలట. రెండో చరణం అవగానే ఒకసారి గట్టిగా దగ్గి, నాలుగోది అందుకుంటాను.