మూడు కొటేషన్ల సైకిల్

జూన్ 1, ఆదివారం

ఉదయం 7.15. కొత్త నోటుబుక్కు. కొత్త పెన్ను. కొత్త ప్రసన్నకుమారి!

ధరణికి ఉద్యోగం వచ్చింది. రేణిగుంట దగ్గర ఫ్యాక్టరీలో, క్వాలిటీ సెక్షన్‌లో. పదహారో తేదీ సోమవారం చేరాలి. పొద్దున ఏడున్నరకల్లా గేటు దగ్గర ఉండాలి. ఆటో, బస్సు, మళ్లీ ఆటో అంటే ఇంట్లో ఆరింటికే బయలుదేరాలి. దాని ఫ్రెండు భువనేశ్వరి అక్కడే లేడీస్ హాస్టల్లో ఉంటోంది. నేనూ అక్కడికే పోతాను, సులువుగా ఉంటుంది అంది నిన్న భోజనాల దగ్గర.

ఉన్నది ఒక్కతే కూతురు. మా ఆయన అమర్‌నాథ్ వారమంతా సూళ్లూరుపేటలో ఉద్యోగం, శనివారం వస్తాడు. ఇది కూడా పోతే ఇంట్లో నేనూ, మా అత్తగారూ, ఆవిడ సీరియళ్లూ మిగులుతాం. నాకది భయంగా ఉంది.

అందుకే అందరి ముందూ మాటిచ్చేశాను. పదహారు నుంచి నా స్కూటర్ ధరణిది. నేను యూనివర్సిటీకి సైకిల్ మీద పోతాను. నాలుగే కిలోమీటర్లు. చిన్నప్పుడు నగరి వీధుల్లో రెండు చేతులూ వదిలేసి తొక్కినదాన్ని.

లాభాలు:
1. కూతురు ఇంట్లోనే ఉంటుంది.
2. మోకాళ్లు బాగుపడతాయి.
3. పాత జాకెట్లు మళ్లీ పడతాయి.

పదిహేను రోజులు టైముంది. ఒక సైకిల్ కొనడానికి ఒక సాయంత్రం చాలు.

జూన్ 3, మంగళవారం

మా సెక్షన్‌లో మునిరామయ్య గారికి తెలియని విషయం లేదు. మామూలు సైకిల్ వద్దన్నారు, హైబ్రిడ్ తీసుకోమన్నారు. హైబ్రిడ్ అంటే నాకు టమోటా విత్తనాలే తెలుసు. రేసుల సైకిల్‌కీ కొండలెక్కే సైకిల్‌కీ మధ్యరకమట. టైరు మరీ సన్నం కాదు, మరీ లావు కాదు. నడుము వంచకుండా నిటారుగా కూర్చోవచ్చు. గేర్లు ఉంటాయి. ఊళ్లో ఆఫీసుకు పోయేవాళ్లకి అదే సరైనదట.

సాయంత్రం 6.00 నుంచి 8.30 వరకు వీడియోలు చూశాను. మొత్తం పదకొండు. డిస్క్ బ్రేకా, మామూలు బ్రేకా? ఏడు గేర్లా, ఇరవై ఒకటా? ముందు సస్పెన్షన్ కావాలా, అక్కర్లేదా? ఒక్కో వీడియోలో ఒక్కో కుర్రాడు ఒక్కోటి చెప్పాడు. అందరూ నమ్మకంగానే చెప్పారు.

జూన్ 4, బుధవారం

నేను యూనివర్సిటీ పర్చేజ్ సెక్షన్ సూపరింటెండెంట్‌ని. ఇరవై రెండేళ్ల సర్వీసు. ఈ ఇరవై రెండేళ్లలో మూడు కొటేషన్లు లేకుండా ఒక చెత్తబుట్ట కూడా కొనలేదు. ఆడిట్ వాళ్లు నా ఫైళ్లు చూసి టీ తాగి వెళ్లిపోతారు, అంత శుభ్రంగా ఉంటాయి.

సొంత సైకిల్‌కి మాత్రం ఆ పద్ధతి ఎందుకు పనికిరాదు? స్పెసిఫికేషన్ రాశాను. కొటేషన్లు పక్కపక్కన పెట్టి పోల్చే కంపారిటివ్ స్టేట్‌మెంట్‌కి గళ్లు గీశాను, తొమ్మిది కాలమ్స్. ధర, సీటు ఎత్తు, బ్రేకు, గేరు, టైరు, బెల్లు, స్టాండు, గ్యారంటీ, రిమార్క్స్. ఎంత అందంగా వచ్చిందో! ధరణికి చూపించాను. చాలాసేపు చూసి, బాగుంది అంది.

జూన్ 5, గురువారం

సాయంత్రం 5.40. మొదటి షాపు, దొరస్వామి గారిది. అరవై దాటిన మనిషి, చేతులకి గ్రీజు. సైకిల్ ఎవరికని అడిగాడు. నాకేనన్నాను. మొహంలో ఏ మార్పూ లేదు, మంచి మనిషి.

నీలం రంగు హైబ్రిడ్ చూపించాడు. చూడగానే మనసు లాగింది. కానీ మనసుకి నా స్టేట్‌మెంట్‌లో కాలమ్ లేదు. లెటర్‌హెడ్ మీద కొటేషన్ రాసి, కవర్లో పెట్టి, అంటించి ఇమ్మన్నాను. ఏడు రోజుల వరకు చెల్లుబాటు అని కూడా రాయమన్నాను.

ఆయన నన్నూ సైకిల్‌నీ మార్చి మార్చి చూశాడు. "సైకిలు ఈడనే ఉండాది గదమ్మా. ఒకసారి ఎక్కి సూడు. కాయితం సూసి ఏం తెలుస్తాది?"

అన్ని కవర్లూ విప్పాకే ఎక్కుతాను, అదీ రూలు అని చెప్పాను. పాపం, రాసిచ్చాడు.

జూన్ 8, ఆదివారం

రెండో కొటేషన్ నిన్న వచ్చింది. మూడో షాపువాడు నేను జీఎస్టీ ఆఫీసు నుంచి వచ్చాననుకున్నాడో ఏమో, ఓనరు లేడని చెప్పి తనే లోపలికి వెళ్లిపోయాడు.

ఇవాళ ఇంకో షాపు చూద్దామనుకున్నాను. పొద్దున 5.20కి ఫోన్. మా ఆడబిడ్డ కుటుంబం, ఆరుగురు, స్టేషన్లో దిగి ఉన్నారు. దర్శనానికి! తిరుపతిలో ఇల్లున్నవాళ్ల బతుకు ఇంతే. స్వామి దర్శనమిస్తాడు, మేం టిఫినిస్తాం. స్కూటర్ మీద మూడు ట్రిప్పులు వేశాను.

సాయంత్రం వాళ్లు కొండ దిగి, ఊళ్లో ఉన్న నలుగురు చుట్టాలకీ లడ్డూలు అందించే పని నాకు పెట్టారు. స్కూటర్ డిక్కీలో సర్దుతుంటే కళ్లు తెరుచుకున్నాయి. పదో కాలమ్ చేర్చాను: లడ్డూలకి క్యారియర్ ఉందా?

ఏ హైబ్రిడ్‌కీ వెనక క్యారియర్ లేదు! పదకొండు వీడియోల్లో ఒక్కడు కూడా ఈ మాట చెప్పలేదు.

జూన్ 11, బుధవారం

మా అత్తగారు చంద్రకాంతమ్మ గారు స్టేట్‌మెంట్ కళ్లజోడు పెట్టుకుని చదివారు. మధ్యలో అడ్డంగా ఆ కడ్డీ ఉంటే చీరతో కాలెట్లా వేస్తావని అడిగారు. పంజాబీ డ్రెస్ వేసుకుంటానన్నాను. సూపరింటెండెంటువి గదా అన్నారు. పదకొండో కాలమ్: కడ్డీ.

కడ్డీ కిందికి వంగి ఉండే మోడల్ ఉందట, కానీ దానికి ఏడే గేర్లు. అలిపిరి వైపు ఎత్తు ఎక్కాలంటే ఏడు చాలవట. నేను రోజూ పోయేది అటు వైపు కాదు. అయినా ఎప్పుడైనా పోవాల్సి వస్తే?

జూన్ 13, శుక్రవారం

సాయంత్రం 4.30. మూడో కొటేషన్ వచ్చింది! స్టేట్‌మెంట్ పూర్తి. అన్ని కాలమ్స్‌లోనూ దొరస్వామి గారి నీలం సైకిలే ముందుంది. క్యారియర్ కూడా విడిగా బిగిస్తానన్నాడు.

4.45. తేదీ చూశాను. దొరస్వామి గారి కొటేషన్ చెల్లుబాటు నిన్నటితో అయిపోయింది. ఏడు రోజులు అని పెట్టింది నేనే.

రూలు ప్రకారం మళ్లీ మూడు కొటేషన్లు పిలవాలి.

జూన్ 16, సోమవారం

ధరణి ఉద్యోగంలో చేరింది. ఒక్క వారం ఆగమన్నాను. సరే అంది. తెల్లారి 5.55కి క్యారేజీ పట్టుకుని ఆటో ఎక్కింది.

బస్సు దొరక్క రేణిగుంట గేటు దగ్గరికి చేరేసరికి 7.50 అయిందట. మొదటి రోజు కాబట్టి అక్కడివాళ్లు ఏమీ అనలేదట. ధరణి కూడా నన్ను ఏమీ అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

నేను తొమ్మిదింపావుకి స్కూటర్ మీద హాయిగా ఆఫీసుకి పోయాను. ఈ వాక్యం రాయడానికి సిగ్గుగా ఉంది.

జూన్ 19, గురువారం

కొనేశాను!!

నీలం రంగు. ఇరవై ఒక్క గేర్లు. క్యారియర్, బెల్లు, స్టాండు. రెండోసారి కొటేషన్ అడగడానికి పోతే దొరస్వామి గారు కాగితం తీయలేదు. సైకిల్ బయట పెట్టి, షాపు షట్టర్ సగం దించి, అడ్డంగా నిలబడ్డాడు. "కొనకుండా పోతే నేను ఇంటికి పోయేది లేదమ్మా. మా ఇంటామె అన్నం పెట్టుకోని కూసోని ఉంటాది."

ఆయన భార్య ఆకలి మీద ఉందని రిమార్క్స్‌లో రాసి, కొనుగోలు ఆమోదించాను.

ఇంటికి ట్రాలీ ఆటోలో తెచ్చాను. పూజ చేయించకుండా కొత్త బండి ఎక్కకూడదని అత్తగారి ఆర్డరు. సైకిల్ బండి కాదన్నాను. చక్రాలున్నాయి గదా అన్నారు. రేపు శుక్రవారం. అలిపిరి.

ధరణి సైకిల్ బెల్లు నాలుగుసార్లు కొట్టి చూసింది. స్కూటర్ తాళం వైపు కూడా చూసింది. సోమవారం నుంచి నీదేనన్నాను.

జూన్ 20, శుక్రవారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఉదయం 6.30. అలిపిరిలో వాహన పూజల దగ్గర వరుసలో నా ముందు తెల్ల కారు. వెనక రెండు మోటార్‌ సైకిళ్లు, ఒక ట్రాక్టరు. మధ్యలో పంజాబీ డ్రెస్‌లో నేను, దండ వేసిన నా సైకిల్. పంతులు గారు సైకిల్‌కి కూడా శ్రద్ధగా పసుపూ కుంకుమా పెట్టారు. రెండు చక్రాల కింద రెండు నిమ్మకాయలు పెట్టారు. ఎక్కకుండా నెమ్మదిగా నడిపించుకు పొమ్మన్నారు.

అందరూ బండ్లెక్కి పోతుంటే నేను తోసుకుపోవడమేమిటి? ఎక్కి తొక్కాను. ఏ గేరులో ఉందో చూసుకోలేదు. కారు కింద నిమ్మకాయ నలుగుతుంది. సైకిల్ కింద నిమ్మకాయ నలగదు, దొర్లుతుంది. ముందు చక్రం ఒక వైపు, నేను ఒక వైపు. తెల్ల కారు డిక్కీ మీద, వాళ్ల బంతిపూల దండలో తల పెట్టి ఆగాను.

కారు వాళ్లు వేలూరు నుంచి వచ్చారట. పెద్దావిడ తమిళంలో ఓదార్చి, నీళ్లు తాగించి, నా బొట్టు సరిచేసింది. ట్రాక్టరాయన సైకిల్ లేపి ఇచ్చాడు. నిమ్మకాయలు రెండూ క్షేమం.

కుడి మోకాలు వాచింది.

జూన్ 23, సోమవారం

స్కూటర్ మీదే పోయాను. కారణాలు:
1. మోకాలు.
2. డాక్టరు దగ్గరికి పోలేదు కానీ, పోతే ఆయన కూడా తొక్కొద్దనే అంటాడు.
3. ఎండ.
4. నాలుగింటికి మబ్బు.

ధరణి 5.55 ఆటో. వెళ్లే ముందు నా మోకాలికి తనే మందు రాసింది.

జూన్ 25, బుధవారం

మోకాలు తగ్గింది. ఇవాళ ఆఫీసులో ముఖ్యమైన మీటింగు, చెమటతో పోతే బాగుండదు. (మీటింగు రేపటికి వాయిదా పడిందని నిన్ననే తెలుసు.)

సైకిల్ మీద అత్తగారు రెండు తువ్వాళ్లు, ఒక లంగా ఆరేశారు. క్యారియర్ మీద ఉల్లిపాయల సంచి. హ్యాండిల్‌కి కరివేపాకు కట్ట. ఇంత పనికొచ్చే వస్తువు ఈ ఇంట్లో ఇంతవరకు లేదంటున్నారు.

జూన్ 27, శుక్రవారం

ధరణి ఈ నెలలో మూడు రోజులు ఆలస్యం. ఇంకొకసారి ఆలస్యమైతే ప్రొబేషన్ పొడిగిస్తామని సూపర్‌వైజర్ రాసిచ్చాడట. ఆ కాగితం నా కంపారిటివ్ స్టేట్‌మెంట్ పక్కన పెట్టింది.

కోప్పడలేదు. చాలా మెల్లగా చెప్పింది. "ఆదివారం భువనేశ్వరి దగ్గరికి పోతాండా మా. నువ్వు సైకిలెక్కుతావని కాసుకోని ఉంటే నా ఉద్యోగం పోతాది."

నేను నోరు తెరిచాను. ఒక్క వారం అన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. దాని మొహం చూసి మింగేశాను.

జూన్ 29, ఆదివారం

వెళ్లిపోయింది. ఒక బ్యాగు, ఒక దిండు. బ్యాగు మా ఆయన మోశాడు. ఆటో కదిలాక పేపరు చదువుకున్నాడు, అదీ నిన్నటి పేపరు. అత్తగారు సైకిల్ మీద బట్టలు తీసేసి లోపలికి తెచ్చారు.

మధ్యాహ్నం నలుగురికి వండాను. అలవాటు.

జూన్ 30, సోమవారం

11.20. మునిరామయ్య గారు ఒక ఫైలు తెచ్చారు. గర్ల్స్ హాస్టల్లో నీళ్ల మోటారు కాలిపోయింది, అత్యవసరం, కొటేషన్లు లేకుండా కొనడానికి అనుమతి కావాలి. నేను ఒక్క నిమిషంలో సంతకం పెట్టాను. పెట్టి, పెన్ను అలాగే పట్టుకుని కూర్చున్నాను. అమ్మాయిలకి నీళ్లు లేకపోతే నాకు అత్యవసరం. నా అమ్మాయి ఇంటినుంచి పోతే మాత్రం కవర్లు అంటించి తేదీలు చూసుకున్నాను. ఏడుపొచ్చింది. మునిరామయ్య గారు ఫైల్లో ఏదో తప్పుందనుకుని వెతికారు.

హాఫ్ డే లీవు పెట్టి, స్కూటర్ మీద నేరుగా రేణిగుంట. నాలుగున్నరకి గేటు బయటికి వచ్చింది ధరణి. తాళం చేతిలో పెట్టాను.

"రేపు నువ్వెట్ల పోతావు?"

"సైకిలుండాది గదా."

నా వైపు చూసింది. నమ్మలేదు, నమ్మాల్సిన పని కూడా లేదు. "వారం చూస్తా మా. రోజూ పో. వారమంతా పోతే, ఆదివారం దిండెత్తుకోని వచ్చేస్తా." తాళం జేబులో వేసుకుంది.

బేరమాడలేదు. బస్సెక్కి ఇంటికొచ్చాను. తిరుపతి దాకా నిలబడే వచ్చాను.

జూలై 1, మంగళవారం

ఉదయం 8.05. పంజాబీ డ్రెస్. క్యారియర్ మీద నుంచి ఉల్లిపాయలు దించాను. వెనక టైరులో గాలి లేదు.

8.15. ఇంట్లో పంపు ఈ సైకిల్ వాల్వుకి పట్టదు. పన్నెండో కాలమ్ ఉండాల్సింది.

8.30. దొరస్వామి గారి షాపు పదింటికి గానీ తీయడు. అత్తగారు ఆటో పిలవనా అన్నారు. ఇంటి ముందు రోజూ స్కూటర్ నిలిపే చోటు ఖాళీగా ఉంది. వద్దన్నాను.

8.35. తోయడం మొదలుపెట్టాను.

దారిలో ఆగి సలహా ఇచ్చినవాళ్లు: ఆటో డ్రైవర్లు ఇద్దరు, పూలమ్మే ఆమె, ఒక కానిస్టేబులు. నవ్వినవాళ్లని లెక్క పెట్టలేదు. నాలుగు కిలోమీటర్లు ఇంత పొడుగుంటాయని స్కూటర్ మీద ఎప్పుడూ తెలియలేదు.

9.50. యూనివర్సిటీ. ఇరవై రెండేళ్లలో మొదటిసారి రిజిస్టర్‌లో ఆలస్యం. మునిరామయ్య గారితో ఆఫీసు ముందు సైకిల్‌తో ఫొటో తీయించుకుని ధరణికి పంపాను.

9.58. జవాబు వచ్చింది. "ఎక్కి వచ్చినావా, తోసుకోని వచ్చినావా?"

ఫొటోలో టైరు కనపడదు. ఎక్కి వచ్చానంటే తెలిసే దారి లేదు. ఆలోచించాను. నిజంగానే ఆలోచించాను.

10.04. "తోసుకోని" అని పంపాను.

షిఫ్టులో ఉందేమో, కోపమొచ్చిందేమో. రెండు ఫైళ్లు తెరిచి అలాగే మూసేశాను.

10.31. "సరే. ఒకటో రోజు అని రాసుకో."

రాసుకున్నాను.