కంపెనీ కోడలు

మార్చి 12, బుధవారం

బంగారు అక్కకు,

పొద్దున్నే లేచి, సైటులో తెలుగు మాటల గురించి ముచ్చటించుకునే మా గుంపు తెరిచానా, ఎక్కడ చూసినా తాళం బొమ్మలే! ఒక్కరూ ఒక్క మాట రాయలేదు. మేం రాసినవన్నీ మమ్మల్ని అడగకుండానే అమ్ముకుంటామని ఆ సైటు కంపెనీ ఈమధ్య నిబంధన పెట్టిందని చెప్పానుగా, ఇది దానికి నిరసన. ఆదివారంకల్లా అందరూ కొత్త సైటుకు వెళ్లిపోవాలట.

కోపం నాకూ ఉంది. అయినా కదలడం లేదు. ఎందుకో నీకొక్కదానికే చెబుతున్నాను. మా గుంపులో గడియారాలు బాగుచేసే తాత ఒకాయన పది రోజులుగా కనిపించడం లేదు. ఆయన అసలు పేరు, ఊరు, ఫోను నంబరు ఏవీ తెలియవు. నాకీ మాటల పిచ్చి అంటించింది ఆయనే. తిరిగొచ్చేసరికి ఇల్లంతా ఖాళీగా ఉంటే ఆయన ఎవర్ని అడుగుతాడు? అందుకే ఉండిపోయాను. గుంపులో వాళ్లేమో నాకు విడిగా సందేశాలు పెట్టి "కంపెనీ కోడలుగారూ, ఇంకా మూట సర్దలేదా?" అని ఏడిపిస్తున్నారు. పైకి నవ్వేశాను గానీ, నిజంగానే ఏడుపొచ్చింది అక్కా.

నీ చిట్టి

మార్చి 15, శనివారం

అక్కా, అక్కా,

గుండెల మీద బరువు దిగిపోయింది! "ఒకసారి తొంగి చూడవే, పోయేదేముంది" అని నువ్వు ఫోనులో అన్నావని కొత్త సైటుకు వెళ్లాను. గడియారానికి కీ ఇస్తే లోపల బిగుసుకునేదాన్ని ఏమంటారని అక్కడ ఎవరో అడిగారు. చిన్నముల్లు అనే ఒకాయన జవాబిచ్చాడు: "చెబుతా గానీ, దాన్నెప్పుడైనా చేత్తో పట్టుకుని చూశావా?"

మాట చెప్పేముందు ఇలా నిలదీసేది లోకంలో ఒక్కరే. "తాతా!" అని రాశాను.

"వచ్చావా తల్లీ! నా పాత పేరు ఇక్కడ ఎవడో ముందే కాజేశాడు. ముల్లుగా మిగిలాను. ఇన్నాళ్లూ అక్కడేం చేస్తున్నావు?"

"మీకోసం కాపలా కాస్తున్నా."

"నాకోసమా? కంపెనీ కబురు చదివిన పూటే లేచొచ్చేశాను కదే, అందరికంటే ముందు!"

"ఒక మాట చెప్పి వెళ్లకూడదా?"

"అంత కోపంలో ఎవరికి గుర్తుంటుందే?"

కళ్లు తుడుచుకుంటూనే నాలుగు చివాట్లు పెట్టాను. బుద్ధిగా పడ్డాడు.

ఇప్పుడు నాకు పాత సైటులో పనేం లేదు. కానీ ఇంకా ఒకరిద్దరు వచ్చి, ఆ తాళాలు చూసి బిత్తరపోతున్నారు. రేపు పొద్దున్నే వెళ్లి, వాళ్లకు దారి చెప్పి, అందరూ బయటపడ్డాక ఆఖరున నేను తలుపేసి వస్తాను.

నీ చిట్టి