పదిహేడో చేప కళ్ళు

మద్రాసు, 4 మార్చి 1946

పూజ్యులైన మామకు అఖిలాండం నమస్కారాలు.

ఈ ఉదయం పదిన్నరకు లెక్క తేలింది. నేను పెంచుతున్న నలభై చేప పిండాల్లో ముప్పై ఒకటికి కళ్ళు చిన్నవిగా వచ్చాయి. గుడ్లను విటమిన్ ఏ కలిపిన నీటిలో ఉంచాను. ఆ ముప్పై ఒకటినీ, పోల్చడానికి బాగున్నదొకటినీ బొమ్మలు గీసి పంపుతున్నాను. 22న పదకొండు గంటలకు ప్రొఫెసర్ల ముందు ఈ లెక్క చెప్పాలి. నిలిస్తే పరిశోధనలో చోటిస్తారు, తప్పితే ఊరికి తిరిగి రావడమే.

విధేయురాలు,
అఖిలాండం

తా.క.: బొమ్మలు అసలుకు వంద రెట్లు. అత్తను భయపడవద్దనండి.

రాజపాళయం, 7 మార్చి

చిరంజీవి అఖిలాండానికి మామ అళగిరి ఆశీర్వాదం.

ముప్పైయొక్క పిల్లలకి కళ్ళు చెడినాయని విని మీ అత్త కుప్పమ్మాళ్ రెండు పూటలు అన్నం ముట్టలేదు. నువ్వు ధైర్యంగా ఉండు. కంటి జబ్బు తీర్చే ఇరుక్కన్‌గుడి మారియమ్మకు మొక్కినాను. నీ చేపలకు కళ్ళు బాగైతే, తలకొక జత వెండి కళ్ళు! కంసాలి ఇరులప్పన్ ఆసారి నీ బొమ్మల కొలతతో అప్పుడే పని పట్టినాడు.

మామ అళగిరి

తా.క.: చేపకు రెప్పలుంటాయా? కంసాలి అడుగుతాడు.

మద్రాసు, 10 మార్చి

మామకు నమస్కారాలు.

మొక్కు ఆపండి! కళ్ళు చెడాలనే విటమిన్ ఎక్కువ కలిపాను. అది తక్కువైతే కంటికి కీడని అందరికీ తెలుసు. ఎక్కువైనా కీడేనని చూపడం నా పని. అవి బాగైతే నేను ఓడినట్టే.

అఖిలాండం

తా.క.: రెప్పలుండవు.

రాజపాళయం, 14 మార్చి

చిరంజీవి అఖిలాండానికి ఆశీర్వాదం.

మొక్కినది వాపసు ఎట్ల తీసుకొనేది? "చేపలు నీ ఇష్టం తల్లీ, మా పిల్ల గెలిస్తే చాలు" అని అమ్మకు చెప్పుకున్నాను. సేత్తూరు దాకా గొప్పగా చెప్పినాను, మా పిల్ల ముప్పైయొక్క చేపల కళ్ళు చెడగొట్టిందని. తళవాయిపురం పొన్‌రాజ్ మాత్రం "మా కమ్మాయి చెరువు పక్కకి ఆ పిల్లను రానీయవద్దు, అందులో మా చేపలున్నాయి" అన్నాడు.

మామ

తా.క.: కంసాలి ముప్పై జతలే చేసినాడు. పదిహేడో బొమ్మకు చేయనంటాడు. "దీని కన్నూ ఆ బాగున్న చేప కన్నూ ఒకే కొలత. జబ్బు లేనిదానికి నేనేమి చేసేది?" అని మొండి పట్టు. నువ్వే ఒక మాట రాయి.

మద్రాసు, 17 మార్చి

మామకు నమస్కారాలు.

పదిహేడో చేపను మళ్ళీ మైక్రోస్కోపు కింద కొలిచాను. కంసాలి మాటే నిజం. బాగున్న చేపను చెడ్డవాటిలో కలిపింది నేనే. మా ప్రొఫెసరు కూడా పట్టుకోలేదు. లెక్క ముప్పై. తప్పు లెక్కతో 22న నిలబడి ఉంటే నా చోటు పోయేది. ఇరులప్పన్ ఆసారికి నా నమస్కారం చెప్పండి.

అఖిలాండం

రాజపాళయం, 19 మార్చి

చిరంజీవి అఖిలాండానికి ఆశీర్వాదం.

నువ్వు పొరపాటు అంటావు. నేను ముప్పైయొక్క చేపలకి మొక్కినాను, ఒకటి బాగైంది. అమ్మ నా మాటా విన్నది, నీ మాటా విన్నది! పదిహేడో జత ఇప్పుడు కంసాలే అడిగి చేసినాడు. మిగతా ముప్పై జతలు నీకు పార్సెల్‌లో వస్తున్నాయి, ప్రొఫెసర్లకు చూపించు. శుక్రవారం పదకొండుకి నువ్వు అక్కడ లెక్క చెప్పేటప్పుడు మేమిక్కడ ఇరుక్కన్‌గుడిలో ఆ ఒక్క జత చెల్లిస్తాము.

మామ అళగిరి

తా.క.: అర్చనకు పేరు కావాల. చేపకు పేరు లేదు కదా, అఖిలాండం అని చెప్తాము. బస్సు పొద్దున ఆరింటికి.