నిత్య తోడేసిన పెరుగు

ఆష్‌బర్న్,
ఆగస్టు మొదటి ఆదివారం

అక్కకు, బావగారికి నమస్కారాలు.

ఇక్కడ మేం ముగ్గురం బాగానే ఉన్నాం. బావగారి మోకాలు ఎలా ఉంది? ఈసారైనా నిజం రాయి. నువ్వు ఫోనులో మాట్లాడుతుంటే ఆయన పక్కనుంచి "బానే ఉందని చెప్పు" అనడం నాకు వినిపిస్తూనే ఉంటుంది. నీ బీపీ మందులు మానలేదుగా? ఇక్కడ ఎండలు బాగా ఉన్నాయి. తెనాలి ఎండలా కాదు, ఒంటికి జిగురులా అంటుకుంటుంది. అయినా ఎవరూ బయటికి రారు కనుక ఎవరికీ తెలియదు.

పోయిన వారం నువ్వు రెండు మాటలు చెప్పావు. పిల్లల్ని సెప్టెంబరు నుంచి ఇక్కడి బడిలో వెయ్యమన్నావు. లేకపోతే ఇద్దర్నీ నీ దగ్గరికి పంపెయ్యమన్నావు. "వసుధ ఉండగా ఆ ఇంటి చదువు వేరు. ఇప్పుడెవరు చెప్తార్రా వాళ్ళకి?" అన్నావు. స్పీకర్ పెట్టి, బావగారు, కోడలు, పక్కింటావిడ వింటుండగా చెప్పే జవాబు కాదది. అందుకే రాస్తున్నాను.

నీకు తెలిసిందే అయినా మళ్ళీ చెబుతాను. పిల్లల్ని బడికి పంపకుండా ఇంట్లోనే చదివిస్తామంటే ఏటా ఆగస్టులో కౌంటీ విద్యాశాఖ వాళ్ళకి ఆ సంగతి రాసి పంపాలి. పిల్లలు ముందుకు వెళ్తున్నారని చూపించాలి కూడా. ఇన్నేళ్ళూ వసుధే పంపింది. ఈ ఏడు పంపాలా వద్దా అన్నది నా మీద పడింది. వేసవంతా తలలో అదే.

వేసవికి వసుధకి ఒక పద్ధతి ఉండేది. జూన్ రాగానే పుస్తకాలన్నీ అట్టపెట్టెలో పెట్టి గరాజ్‌లో పడేసేది. పిల్లలు ఒక్కొక్కరూ సెలవులంతా ఒక పని పట్టుకోవాలి. అది ఇంటికి అవసరమైన పని కావాలి. చెడిపోతే అందరికీ తెలిసే పని కావాలి. పోయినేడు మా చిన్నది నిత్యకి పెరుగు పని ఇచ్చింది. రోజూ రాత్రి పాలు కాచి, చల్లార్చి, తోడేసి, వెచ్చగా ఉండటానికి లైటు వేసిన ఓవెన్‌లో పెట్టడం. వేసవి అయిపోయినా నిత్య ఆ పని ఒదల్లేదు. జనవరిలో, ఇంటినిండా జనం ఉన్న రోజుల్లో, వచ్చినవాళ్ళందరూ పెరుగన్నం తిన్నారు. ఆ పెరుగు ఎక్కడిదని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

జూన్‌లో నేనూ పుస్తకాలు గరాజ్‌లో పెట్టాను. పెట్టాక భయం పట్టుకుంది. భయపెట్టడానికి ఇక్కడ మనవాళ్ళు చాలామంది ఉన్నారు. శనివారం ఎవరింటికి భోజనానికి వెళ్ళినా, ప్లేటు చేతికి రాకముందే ప్రశ్న వస్తుంది: "మీ పిల్లలు ఏ క్యాంప్‌లో ఉన్నారండీ?" ఒకడి కొడుకు పొద్దున చెస్, మధ్యాహ్నం రోబోలు, సాయంత్రం కూచిపూడి. కూచిపూడి ఎందుకంటే కాలేజీ అప్లికేషన్‌లో బాగుంటుందట. ఆ పిల్లాడి ముఖం చూశాను. మన ఊళ్ళో ఆర్టీసీ కండక్టరు ఆఖరి ట్రిప్పులో అలా ఉండేవాడు.

మా వీధి చివర రమణ అని ఒకాయన ఉన్నాడు. పగలు ఏదో బ్యాంకులో ప్రోగ్రాములు రాస్తాడు. సాయంత్రాలు తన ఇంటి బేస్‌మెంట్‌లో తెలుగు పిల్లలకి లెక్కలు, స్పెల్లింగులు రుద్దుతాడు. నా భుజం మీద చెయ్యి వేసి చెప్పాడు.

"చూడండి, సమ్మర్‌లో టచ్ పోయిందంటే అంతే. మన పిల్లలకి కాంపిటిషన్ ఎవరండీ? మన పిల్లలే! మీ సిట్యుయేషన్ నాకు తెలుసు. మీకు డిస్కౌంట్ ఇస్తాను."

నా భార్య పోయినందుకు ఈ దేశంలో నాకు దొరికిన రాయితీ అది. తీసుకున్నాను. పిల్లల్ని చేర్చాను.

కిటికీ లేని గది. గోడ మీద ఆయన కూతురి పతకాలు. పిల్లలు వరసగా కూర్చుని గడియారం పెట్టుకుని కాగితాలు నింపుతారు. నింపిన కాగితం ఇస్తే అలాంటిదే ఇంకో కాగితం ఇస్తాడు. నిత్య రెండో రోజునో మూడో రోజునో ఆయన్ని అడిగింది.

"అంకుల్, పాలు బాగా వేడిగా ఉన్నప్పుడు తోడు వేస్తే పెరుగు ఎందుకు అవ్వదు?"

"అది మన సిలబస్‌లో లేదమ్మా. ఫోకస్!"

కారులో శ్రావ్య ఈ సంగతి చెప్పి, "నాన్నా, అక్కడ ఎవ్వరూ ఏమీ అడగరు. అడిగితే టైమ్ అయిపోతుంది" అంది. పన్నెండేళ్ళ పిల్ల. నేను రోడ్డు చూసి నడిపాను. మర్నాడు మళ్ళీ తీసుకెళ్ళి దింపాను. ఇంట్లో నేను వసుధలా చెప్పలేనని నాకు తెలుసు. చెప్పలేనివాడు దింపి వస్తాడు. ఇక్కడ సగం మంది చేసేది అదే. దానికి ఎన్‌రిచ్‌మెంట్ అని పేరు పెట్టుకున్నారు.

తర్వాత జరిగింది రాస్తాను.

రమణ భార్య సుజాత గారు మంచి మనిషి. అంటే మంచితనం చూపించడానికి ముందుగా చెప్పకుండా వచ్చే మనిషి. ఒక శుక్రవారం నేను ఆఫీస్ కాల్‌లో ఉండగా, పిల్లలు బేస్‌మెంట్‌లో ఉండగా, సాంబారు గిన్నెతో వచ్చి వంటింట్లోకి వెళ్ళింది. నేను కాల్ ముగించి వచ్చేసరికి ఫ్రిజ్ తళతళలాడుతోంది.

"మగవాళ్ళ ఇల్లు ఎలా ఉంటుందో తెలుసు కదండీ, అందుకే కాస్త క్లీన్ చేశా. ఓల్డ్ స్టఫ్ అంతా తీసేశా. పెరుగు ఒకటి పుల్లగా ఉంది, పారబోసి గిన్నె కడిగేశా. ఫ్రెష్‌ది పెట్టా చూడండి, ఇండియన్ స్టోర్‌ది."

థాంక్స్ చెప్పాను. నాకేం తెలియలేదు అక్కా. పెరుగు పోయింది, పెరుగు వచ్చింది అనుకున్నాను.

రాత్రి నిత్య ఫ్రిజ్ తెరిచింది. డబ్బా చూసింది. "నా పెరుగు ఏది?" అని అడిగింది. చెప్పాను. అది ఏడవలేదు. ఖాళీ గిన్నె తీసి వాసన చూసింది. సబ్బు వాసన. సింక్‌లో గొట్టం మూత తీసి లోపలికి చూసింది. అప్పుడు నా వైపు తిరిగి, "అది అమ్మది నాన్నా. నేను రోజూ కొంచెం తోడుకి ఉంచుతున్నాను. అంతే నేను చేసేది" అంది.

శ్రావ్య పుట్టకముందు వసుధ ఎవరింటినుంచో తెచ్చిన తోడు అది. అన్నేళ్ళూ ఇంట్లో ఆరిపోలేదు. ఇండియా వచ్చినప్పుడల్లా పొరుగువాళ్ళకి ఇచ్చి, తిరిగొచ్చాక అడిగి తెచ్చుకునేది. నేను రోజూ తిన్నాను. ఎనిమిదేళ్ళ పిల్లకి తెలిసింది నాకు తెలియలేదు.

నేను తెలివైనవాణ్ణి కదా, ఓదార్పు మొదలుపెట్టాను. పెరుగంటే బాక్టీరియా అని, అన్నిట్లోనూ అదే ఉంటుందని. శ్రావ్య మధ్యలో ఆపింది.

"అన్నీ ఒకటి కాదు. ఆగు నాన్నా. అమ్మ ఎవరికెవరికి ఇచ్చింది?"

ఇద్దరూ బల్ల దగ్గర కూర్చుని గుర్తు చేసుకున్నారు. మర్నాడు పొద్దున బయల్దేరారు. నేను వెనక నడిచాను. మొదటి ఇంటావిడ ఇప్పుడు వాళ్ళు పెరుగే తినరంది, డైట్ అట. రెండో ఇంట్లో ఇండియా వెళ్ళినప్పుడు పాడైపోయిందట. "స్టోర్‌లో దొరుకుతుంది కదమ్మా, దానికి ఇంత ఎండలో వచ్చారా?" అని నన్ను చూసి నవ్విందావిడ. ఆ నవ్వు నాకు తెలుసు. పెళ్ళాం పోయినవాడు పిల్లల్ని అదుపులో పెట్టలేడు అని దానికి అర్థం.

వీధి మలుపులో శ్రావ్య ఆగిపోయింది. "సుజాత ఆంటీ! ఇండియా నుంచి వచ్చాక అడిగారు. అమ్మ గిన్నెతో ఇచ్చింది. గిన్నె తిరిగి రాలేదు."

సుజాత గారు తలుపు తీసి, "రండి రండి, ఈరోజు క్లాస్ లేదే!" అంది. నిత్య నమస్కారం కూడా పెట్టకుండా, "ఆంటీ, మీ పెరుగు చూడొచ్చా?" అంది. ఆవిడ నవ్వుతూ ఫ్రిజ్‌లోంచి స్టీలు గిన్నె తీసి బల్ల మీద పెట్టింది. అంచు మీద చుక్కలు చుక్కలుగా కొట్టిన తెలుగు అక్షరాలు. నిత్య గిన్నె తిప్పుతూ కూడబలుక్కుని పైకి చదివింది.

"రా... జ్య... లక్ష్మి. తె... నాలి."

నీ పేరు అక్కా. మా పెళ్ళికి నువ్వు పెట్టిన గిన్నెల సెట్టులోది. రెండేళ్ళుగా ఆ ఇంట్లో రోజూ బల్ల మీదికి వస్తోంది. ఆ ఇంట్లో పతకాలు గెలిచిన పిల్లకి తెలుగు చదవడం రాదు, అది చుక్కల డిజైనట.

"ఆంటీ, ఇది మా అత్త గిన్నె. పెరుగు మా అమ్మది" అంది నిత్య.

సుజాత గారు ఒక్క క్షణం తెల్లబోయింది. వెంటనే సర్దుకుంది. "అయ్యో, అవునా! వసుధే ఇచ్చింది కదూ. ఎంత కావాలంటే అంత తీసుకెళ్ళమ్మా, మొహమాటపడకు" అంది. మా ఇంటి పెరుగు పారబోసిన మనిషి మా ఇంటి పెరుగే మాకు దానం చేసింది. రమణ మెట్ల మీద నిలబడి, "పెరుగు కోసమా? ఫన్నీ కిడ్స్!" అన్నాడు. గిన్నెతో సహా తెచ్చుకున్నాం. సగం పెరుగు వాళ్ళకి వేరే గిన్నెలో ఉంచమని నిత్యే చెప్పింది. ఎందుకో తర్వాత అర్థమైంది.

ఇంటికొచ్చాక నేను సంబరపడ్డాను. నిత్య పడలేదు. ఇది అమ్మదేనని ఎలా తెలుస్తుంది అంది. ఒకే పాలు రెండు గిన్నెల్లో పోసి, ఒకదాంట్లో స్టోర్ పెరుగు, ఒకదాంట్లో ఈ పెరుగు వేసి ఓవెన్‌లో పెట్టింది. పొద్దున రెండూ ఒంచి చూసింది. స్టోర్‌ది నీళ్ళు ఒదిలింది, రెండోది మన పాత పెరుగులాగే కదల్లేదు. రుచి చూసి ఇంకో చెంచా తీసుకుంది.

"అమ్మదే నాన్నా. కానీ కొంచెం మారింది. ఆంటీ వాళ్ళు పల్చటి పాలు పోస్తారు కదా. మన పాలల్లో కొన్నాళ్ళు వేస్తే మళ్ళీ వస్తుందేమో. చూడాలి."

చూడాలి అంది. బేస్‌మెంట్‌లో ఎవరి నోటా నేను వినని మాట. ఇప్పుడు ఐస్ ట్రేలో కొంచెం పెరుగు గడ్డకట్టించి ఉంచింది. ఇంకో రెండిళ్ళకి తోడు ఇచ్చి వచ్చింది, మళ్ళీ ఎవరైనా మనింట్లో ఫ్రిజ్ శుభ్రం చేస్తే అని. నేను పనిచేసే డేటా సెంటర్‌లో మేం చేసేదీ ఇదే. ఒక కాపీ పోతే ఇంకోచోట ఉండాలి. అది నేర్పడానికి నన్ను హోటల్లో కూర్చోబెట్టి మూడు రోజులు ట్రైనింగ్ ఇచ్చారు.

సోమవారం పిల్లల్ని బేస్‌మెంట్ మాన్పించాను. "రిస్క్ తీసుకుంటున్నారండీ" అన్నాడు రమణ. డిస్కౌంట్ వేరేవాళ్ళకి ఇచ్చుకోమన్నాను. కౌంటీకి ఉత్తరం నిన్న పంపేశాను. ఈ ఏడు కూడా ఇంట్లోనే.

కాబట్టి నీ రెండు మాటలకీ ఇదే జవాబు. కోపం తెచ్చుకోకు. మీ మనవణ్ణి తెల్లారకముందే లేపి ర్యాంకులు రుద్దే ఆ హాస్టల్ పక్కన నా పిల్లల్ని ఉంచడానికి నేను పంపను. పోయినసారి వాడు ఫోనులో నాతో మాట్లాడింది రెండే మాటలు, రెండూ మార్కులే. ఎవరు చెప్తార్రా అన్నావు. వసుధ చెప్పాల్సింది చాలావరకు చెప్పేసి వెళ్ళింది. నేను అడ్డు రాకుండా ఉండాలి. అది నేర్చుకోవడానికి నాకు వేసవంతా పట్టింది.

నేను బాగానే వండుతున్నాను. బాగానే తింటున్నాం. నిద్ర కూడా పడుతోంది. శ్రావ్య పెరట్లో బీరపాదు పెట్టింది. పువ్వులు పూస్తున్నాయి, కాయలు లేవు. ఎందుకో కనుక్కుంటోంది, నువ్వు చెప్పెయ్యకు. వీలుంటే చలికాలం వెళ్ళాక నువ్వు రా. తీసుకెళ్ళడానికి కాదు, ఉండటానికి. వచ్చేప్పుడు కందిపొడి తీసుకురా. నిత్య నీ గిన్నెలోనే పెరుగు వడ్డిస్తుంది. బాగుందని మెచ్చుకోకు. ఎలా తోడుకుందని అడుగు. అది చెబుతుంది.

బావగారికి, కోడలికి పిల్లల నమస్కారాలు చెప్పు. నీ దీవెనలు వాళ్ళకి కావాలి. నాకూ.

నీ తమ్ముడు,
మురళి