టైముకొచ్చిన ప్యాసింజర్

బాపూ,

నువ్వు పోయి ఏడాది తిరిగింది. ఈరోజు మన ఊరికి వరంగల్ ప్యాసింజర్ టైముకే వచ్చింది. నవ్వకు, నిజం!

ఎప్పుడూ అరగంట లేటేనని ఊరంతా ఇంకా ఇళ్లలో చాయ్ తాగుతోంది. నిన్ను చూసి అందరూ నవ్వేవాళ్లు కదా, అలా గంట ముందే స్టేషన్‌లో కూర్చున్నది నేనొక్కదాన్నే. రైలుపెట్టె మొత్తం ఖాళీ. అయినా నువ్వు నేర్పినట్టే కిటికీలోంచి నీ తువ్వాల వేసి సీటు పట్టాకే ఎక్కాను.

బండి కదులుతుంటే కూరగాయలమ్మే రాజవ్వ గంపతో ఉరికొచ్చింది.

“చెప్పకుంట టైముకచ్చుడేంది?” అని గార్డును తిట్టింది. కిటికీలో నన్ను చూసి, “మీ బాపే గెలిచిండు బిడ్డా!” అని అరిచింది.

నేను పక్కకు జరిగాను. వరంగల్ దాకా కిటికీ దగ్గర నీ తువ్వాలే కూర్చుంది.